గవర్నరు పేరిట: రాజ్‌భవన్ పదవీకాలాలు, దళితుల చట్టాలు

నెల్లూరు జిల్లా బోగోలు మండలం జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బర్‌కైనా, ఎస్సీ కాలనీ ఇళ్ల స్థలాలకైనా సచివాలయం నుంచి జీవో వస్తే, సంతకానికి ముందు "ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఉత్తర్వుల మేరకు, వారి పేరిట" అనే మాట ఉంటుంది. రాజ్యాంగం 166వ అధికరణ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ చర్యలన్నీ గవర్నరు పేరిటే వెలువడాలి. కానీ 163వ అధికరణ ప్రకారం ఆయన నడుచుకోవాల్సింది మంత్రివర్గం సలహా మీద. పేరు ఒకరిది, నిర్ణయం మరొకరిది. గవర్నర్ల చరిత్రను ఈ తేడాతోనే చదవాలి.

మద్రాసు నుంచి ఆంధ్రకు

1953 అక్టోబరు 1 వరకు నెల్లూరు జిల్లా మద్రాసు గవర్నర్ల కింద ఉండేది. ఆ రోజు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. సి.ఎం. త్రివేది తొలి గవర్నరు అయ్యారు. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం పడిపోయాక రాష్ట్రపతి పాలనలో ఆయనే రాష్ట్రాన్ని నడిపారు. 1955 ఎన్నికల తర్వాత నెల్లూరు జిల్లాకే చెందిన బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన తర్వాత ఉత్తరప్రదేశ్ గవర్నరుగా కూడా పనిచేశారు.

ఐదేళ్లు కాగితం మీదే

156వ అధికరణ గవర్నరుకు ఐదేళ్ల గడువు ఇచ్చింది. అయితే రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతవరకే పదవి అని కూడా అదే అధికరణ చెప్పింది. అకారణంగా తొలగించకూడదని సుప్రీంకోర్టు 2010లో తీర్పు ఇచ్చింది. ఆచరణలో పదవీకాలం ఢిల్లీ రాజకీయాలను బట్టే సాగింది. 1975 జనవరి నుంచి 1977 మే వరకు, రెండున్నరేళ్లలోపే ఓబుల్‌రెడ్డి, సుఖాడియా, భండారే, దివాన్, శారదా ముఖర్జీ రాజ్‌భవన్‌లోకి వచ్చారు. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసిన రామ్‌లాల్, ఆ నెల తిరక్కుండానే పదవి వదిలారు. ఇ.ఎస్.ఎల్. నరసింహన్ మాత్రం 2009 డిసెంబరు నుంచి 2019 జులై వరకు తొమ్మిదేళ్లకు పైగా కొనసాగారు.

ఇద్దరు దళిత గవర్నర్లు

ఆర్.డి. భండారే బొంబాయి అంబేద్కర్ ఉద్యమం నుంచి వచ్చినవారు. 1976 జూన్ నుంచి 1977 ఫిబ్రవరి వరకు, ఎనిమిది నెలలు మన గవర్నరు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూములు అన్యాక్రాంతం కాకుండా కాపాడే అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం 1977 జనవరి 21న, ఆయన కాలంలోనే అమల్లోకి వచ్చింది. ఆ నిర్ణయం మాత్రం వెంగళరావు ప్రభుత్వానిది. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములపై హక్కుదారులకు అమ్ముకునే వీలిస్తూ 2023లో ఆ చట్టాన్ని సవరించారు.

సుశీల్ కుమార్ షిండే 2004 నవంబరు తొలి వారంలో బాధ్యతలు చేపట్టారు. అదే వారంలో సుప్రీంకోర్టు చిన్నయ్య కేసులో ఎస్సీ వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. రాజ్‌భవన్‌లో దళితుడు ఉన్నా ఆ తీర్పు విషయంలో ఆయన చేయగలిగింది ఏమీ లేదు. 2006 జనవరిలో కేంద్ర మంత్రిగా వెళ్లిపోయారు.

రెండు ఆర్డినెన్సులు

వర్గీకరణపై తొలి ఆర్డినెన్సు 1999 డిసెంబరులో, సి. రంగరాజన్ గవర్నరుగా ఉన్నప్పుడు వచ్చింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం చిన్నయ్య తీర్పును తోసిపుచ్చింది. 2025 ఏప్రిల్‌లో గవర్నరు అబ్దుల్ నజీర్ పేరిట మరో ఆర్డినెన్సు వచ్చింది. 15 శాతం రిజర్వేషన్‌ను అది మూడు గ్రూపులకు 1, 6.5, 7.5 శాతంగా పంచింది. వర్గీకరణపై మనలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఏ వైపు ఉన్నా ఒక గడువు గుర్తుంచుకోవాలి. 213వ అధికరణ ప్రకారం శాసనసభ మళ్లీ సమావేశమైన ఆరు వారాలకు, ఆలోగా చట్టంగా మారకపోతే, ఆర్డినెన్సు చెల్లిపోతుంది.

వినతిపత్రం ఎవరికి?

ఐదో షెడ్యూలు కింద షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఒక చట్టం వర్తించకుండా ఆపే అధికారం గవర్నరుకు ఉంది. నెల్లూరు జిల్లాలో యానాదులు ఎక్కువగా ఉన్నా, అక్కడ షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. ఎస్సీల విషయంలో గవర్నరుకు అలాంటి ప్రత్యేక అధికారమే లేదు. కాబట్టి జువ్వలదిన్నె నుంచి గవర్నరుకు ఇచ్చిన అర్జీ చివరికి ప్రభుత్వ శాఖకే చేరుతుంది. అర్జీ ఒక ప్రతిని సంబంధిత మంత్రికి, మరో ప్రతిని ఎమ్మెల్యేకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. గవర్నరు ఎవరన్నది మారుతూనే ఉంటుంది. జీవో నంబరు, గెజిట్ తేదీ మాత్రం మన చేతిలో ఉండాలి.