కరోనా మరణాలు – వయసు, దీర్ఘరోగాల పాత్ర



అంటువ్యాధి అందరికీ సోకవచ్చు గాని, ప్రాణాపాయం అందరికీ ఒక్కటిగా ఉండదు. మన హైదరాబాదు చరిత్రలో ఇది రెండు మార్లు రుజువైంది.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ముఖ్యంగా 20 నుండి 40 ఏళ్ల లోపు వారిని పొట్టన పెట్టుకుంది. 1911లో సుమారు 1.34 కోట్లున్న నిజాం రాజ్య జనాభా 1921 నాటికి సుమారు 1.25 కోట్లకు తగ్గింది. కరువు, ప్లేగులతో పాటు ఈ జ్వరం కూడా అందుకు కారణం.

నూరేళ్ల తరువాత కరోనాలో ఇది తారుమారైంది. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కేసుగా ప్రకటించినది ఒక యువ సాఫ్ట్‌వేరు ఉద్యోగిది. రెండు రోజులకే, మరొకరికి సోకిందన్న అనుమానంతో హైటెక్ సిటీలోని మైండ్‌స్పేస్‌లో ఒక భవనం ఖాళీ చేశారు. మొదటి రోగి గాంధీ ఆసుపత్రిలో కోలుకున్నాడు. మార్చి 28న ప్రకటించిన రాష్ట్రపు తొలి మరణం మాత్రం 74 ఏళ్ల వృద్ధునిది.

ముసలివారికి ఎక్కువగా సోకినందువల్ల ఇలా జరిగిందా? కాదు. సి.సి.ఎం.బి., జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి నగరంలోని 30 వార్డులలో జరిపిన సర్వే ఫలితాలు 2021 మార్చిలో వెలువడ్డాయి. మొత్తంమీద 54 శాతం మందిలో ప్రతిరక్షకాలు కనిపించగా, 70 దాటిన వారిలో అవి 49 శాతమే. సోకినవారిలో నూటికి 75 మందికి పైగా తమకు జబ్బు వచ్చిన సంగతే తెలియదు. అంటే కొండాపూరు, మాదాపూరు ఫ్లాట్లలో ఇంటి నుండే పని చేసుకుంటున్న పిల్లల నుండి తల్లిదండ్రులకు చడీచప్పుడు లేకుండా సోకే అవకాశం ఉండేది.

2020 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన లెక్కల ప్రకారం, దేశంలోని మృతులలో 53 శాతం 60 దాటినవారు. 2011 జనాభాలో వీరి వాటా 9 శాతం లోపే. మృతులలో 70 శాతం పురుషులు. 60 దాటిన రోగులలో మధుమేహం, రక్తపోటు వంటి జబ్బులున్నవారు నూటికి సుమారు 25 మంది చనిపోగా, అవి లేనివారిలో ఆ సంఖ్య సుమారు 5 మాత్రమే. 2021 రెండవ విడతలో పడుచువారూ పోయారు, నిజమే. అయినా వృద్ధులకున్న ముప్పు తగ్గలేదు. అందుకే 2021 మార్చి 1న ప్రజలకు టీకాలు మొదలైనప్పుడు 60 దాటినవారికి, 45 దాటిన దీర్ఘరోగులకు ముందుగా వేశారు.

వయసును వెనక్కు తిప్పలేము గాని, పై లెక్కలో 25కూ 5కూ ఉన్న తేడా చాలావరకు షుగరు, బి.పి.ల వంటి వాటిదే. కాబట్టి మిత్రులారా, నెలనెలా పరీక్షలు వాయిదా వేయకండి. మందులు మానకండి. ఇంట్లో ఎవరికి జలుబు, జ్వరం వచ్చినా కొన్నాళ్లు ఎడంగా ఉండమని పిల్లలకు మొహమాటం లేకుండా చెప్పండి.