అరకు లోయ: నీటి యెద్దడియు సేద్యమును
తూర్పు కనుమలలో, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాయందున్న అరకు లోయలో వర్షమునకు కొదవ లేదు. కాని నైరృతి ఋతుపవనముల నీరు ఏటవాలు నేలపై నిలువక జారిపోవుటచే, వేసవినాటికి గెడ్డలు సన్నగిల్లి కొండయూటలే శరణ్యమగును. గిరిజన రైతులు ఊటల దిగువన రాతికట్టలు పేర్చి, మెట్టుమెట్టుగా మడులు దిద్ది, పైమడి నిండి పొర్లిన నీరు కిందిమడికి దిగునట్లు చిన్నగండి విడిచి వరి పండింతురు. ఏ యింజనీరును పటము గీయని యీ యేర్పాటు మెచ్చదగినది. నీరందని మెరకపై సామలు, చోళ్ళు, వలిసెలు చల్లుదురు. పోడు వలన అడవి తరిగి మన్ను కొట్టుకొనిపోయిన వాలులపై, సిల్వర్ ఓక్ నీడను కాఫీయు, ఆ మ్రాకులకే ప్రాకించిన మిరియమును పెంచుట పిమ్మట వ్యాపించెను; రాలుటాకు నేలచెమ్మను కాపాడును. ఇచటి అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను పూతకు మార్చి, ఏప్రిల్ నెలల జల్లులు ఆవశ్యకములు. అవి తప్పిన యేడు దిగుబడి తగ్గును.