చెరకు సీమనుంచి నగర నిర్మాణ విద్యకు

బోధను ప్రాంతమున చెరకు నరికిన రైతుకు ఆలస్యమే శత్రువు. నరికిన గడ నిలువ ఉన్నకొలది రసములో పంచదార తరిగిపోవును. బండి పొలమునుంచి ఎంత త్వరగా కదలినది, బాట ఎట్లున్నది, ఫ్యాక్టరీ ద్వారము ముందు ఎన్ని బండ్లు వరుసలో నిలిచినవి అను లెక్కలమీద ఆ యేటి కష్టఫలము ఆధారపడి ఉండెడిది. బాట, నీరు, మురుగు, రాకపోకలు, జనుల నివాసము అను వీనిని కలిపి ఒక శాస్త్రముగా బోధించుటను నేడు నగర సాంకేతిక విద్య అనుచున్నారు. పేరు కొత్తదే కాని, అది తీర్చవలసిన చిక్కులు ఇందూరు సీమవారికి పాతవే. ఈ విద్యలో మొదటి సంవత్సరమున ప్రవేశము కోరి విద్యార్థి నింపు దరఖాస్తు వెనుక సుమారు నూరేండ్ల కథ ఉన్నది.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసినది. మరుసటి యేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, వరదల నివారణకు, మురుగు పారుదలకు పథకములు వేయించినారు. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమైనవి. మన ప్రాంతమున నగర నిర్మాణము ఒక ప్రత్యేక విద్యగా గుర్తింపు పొందినది ఆ విపత్తు తరువాతనే. అయితే ఆ విద్య నేర్చుకొనుటకు రాజ్యములో కళాశాల లేదు. నేర్చినవారిని బయటినుంచి పిలువవలెను, లేదా మనవారిని బయటికి పంపవలెను.

అట్లు బయటికి వెళ్లి చదివి వచ్చినవారిలో నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరు ప్రముఖుడు. ఆయన ఇంగ్లండులోని కూపర్స్‌ హిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివినాడు. మంజీరా నదికి అడ్డముగా నిజాంసాగర్ ఆయన ఆధ్వర్యముననే లేచినది. 1923లో పని మొదలై 1931లో ముగిసినది. 2,75,000 ఎకరములకు నీరందించుట ఆ ప్రాజెక్టు సంకల్పము. ఆ కాలువనీటి బలముతోనే చెరకు విస్తరించినది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము నెలకొన్నది. దానిచుట్టు శక్కర్‌నగర్ వెలసినది. ఆనకట్ట కాలువను తెచ్చినది, కాలువ చెరకును తెచ్చినది, చెరకు ఒక పట్టణమునే తెచ్చినది. ఒక ఇంజనీరు గీసిన గీత ఎంతదూరము పోగలదో చూడగోరువారు బోధను వెళ్లి చూడవచ్చును.

ఇక్కడ ఒక ప్రశ్న సహజముగా పుట్టును. ఆ కాలువగట్లమీద మట్టి మోసినవారి బిడ్డలు ఆ గీతలు గీయుట నేర్చుకొనగలిగినారా?

1929లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఇంజనీరింగ్ కళాశాల సమకూడినది. విదేశమునకు పోనక్కరలేకుండ రాజ్యములోనే ఆ చదువు దొరకుట గొప్ప మార్పు. కాని అప్పుడు ఉస్మానియాలో బోధన ఉర్దూ భాషలో సాగెడిది. స్వదేశభాషలో ఉన్నత శాస్త్రములు బోధింపవచ్చునని చూపిన ఆ ప్రయత్నము ఆదరింపదగినదే. అయినను ఇంట తెలుగు మాటాడు రైతుబిడ్డకు ఆ భాష ముందుగా నేర్వవలసిన మరొక విద్య అయినది. ద్వారమునకు మొదటి గొళ్లెము భాష.

1948 తరువాత ఉర్దూ స్థానమున ఇంగ్లీషు వచ్చినది. గొళ్లెము ఊడలేదు, మారినది. 1959లో వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు, 1963లో నిజామాబాదు జిల్లాలోనే పోచంపాడు ప్రాజెక్టుకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. 1965లో నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడినది. 1972లో ఈ కళాశాలను, అనంతపురము, కాకినాడ కళాశాలలను, హైదరాబాదులోని లలితకళల, వాస్తుశిల్ప కళాశాలను ఒక్కటిగా చేర్చి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమును స్థాపించినారు. దానినుంచి వేరుపడి 2008లో వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయము వెలసినది. కట్టడముల రూపకల్పనతోపాటు నగర ప్రణాళికా విద్యకు అది నిలయమైనది.

కళాశాలలు పెరిగినంతమాత్రమున అందరికి చోటు దొరకదు. ఎవరిని చేర్చుకొనవలెనను ప్రశ్న నాటి రాజకీయములనే కదలించినది. 1969 తెలంగాణ ఉద్యమమున ఉద్యోగములతోపాటు విద్యావకాశముల ఆవేదనయు ఉన్నది. 1973లో ఆరు సూత్రముల పథకము, ఆ మరుసటి యేడు రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినవి. ఆ ఉత్తర్వు ప్రకారము 85 శాతము స్థానములు స్థానిక విద్యార్థులకు కేటాయింపబడినవి. నిజామాబాదు ఉస్మానియా ప్రాంతములో చేరినది. అర్హతపరీక్షతో ముగియు నాలుగు సంవత్సరములు వరుసగా ఆ ప్రాంతమున చదివినవారు స్థానికులు. నేటికిని దరఖాస్తుదారు ఏ యేడు ఎచ్చట చదివినదియు తెలుపు ధ్రువపత్రములను మూటగట్టి దాచుకొనుటకు మూలము ఇదే. ఆ పసుపు వన్నెకు తిరిగిన కాగితములలో ఒక ఉద్యమపు జాడ ఉన్నది.

1986లో ఎంసెట్ మొదలై, అందరికి ఒకే ప్రశ్నపత్రము, ఒకే వరుస అను పద్ధతి వచ్చినది. సిఫారసు ఉత్తరము పనిచేయని చోటు ఒకటి ఏర్పడుట పేదవానికి మేలే. కాని దానివెంటనే శిక్షణాలయములు బయలుదేరినవి. పట్నములో శిక్షణకు రుసుము కట్టగలిగినవానికిని, కోటగిరి, వర్ని పల్లెలలో ఇంటిపట్టున చదువుకొన్నవానికిని నడుమ దూరము మిగిలినది. గొళ్లెము ఈసారి ర్యాంకు రూపమున వచ్చినది. 2008 ప్రాంతమున మొదలైన బోధనారుసుము చెల్లింపు పథకము ఎన్నో ఇండ్లకు ఊరట కలిగించినది. రాష్ట్రము ఏర్పడిన పిదప 2015నుంచి తెలంగాణ వేరుగా పరీక్ష జరుపుకొన్నది. 2023లో ఇంటర్మీడియట్ మార్కులకు ఇచ్చు 25 శాతము ప్రాధాన్యమును తొలగించినారు. 2024లో పరీక్ష పేరు ఈఏపీసెట్ అయినది.

ఈ నడుమ బోధనులో మరొక ద్వారము మూతపడినది. 2015 డిసెంబరులో చక్కెర కర్మాగారము ఆగిపోయినది. ఒకప్పుడు ఫ్యాక్టరీ కూలి, చెరకు పైకము పిల్లల చదువులకు ఆధారము. యంత్రము ఆగినప్పుడు ఆ కొలిమి చల్లారుటయే గాక, దానిమీద ఆశపెట్టుకొన్న చదువులును కుంటుపడును. ఒకే పరిశ్రమమీద నిలిచిన పట్టణము ఆ పరిశ్రమ పోయిననాడు ఏమగును, దానికి మరల ఊపిరి ఎట్లు పోయవలెను? నగర శాస్త్రమునకు ఇంతకు మించిన పాఠము ఎక్కడ దొరకును?

అందుచేతనే ఈ దరఖాస్తు ఒక ఇంటి విషయము మాత్రమే కాదు. 2005లో నగరపాలక సంస్థ అయిన నిజామాబాదుకు నీటిగొట్టములు, మురుగుకాలువలు, బాటలు నిత్యము కావలసినవే. వానిని గీయువారు ఆ వీధులలో వాననీరు ఎటు నిలుచునో ఎరిగినవారైనచో గీత తప్పదు. కాలువ చివరి మడికి నీరందని వేసవిని చూచిన పిల్లవాడు, పట్టణపు చివరి ఇంటి కుళాయిని మరువడు. ప్రవేశపరీక్ష ఈ ఎరుకను కొలువలేదు. అయినను గణితమును, భౌతికశాస్త్రమును శ్రద్ధగా చదివి, ధ్రువపత్రములను వేళకు సిద్ధపరచుకొని, శాఖ ఎంచుకొను దినమున ఎవరో అన్నమాటకు లొంగక ఈ విద్యనే కోరుకొను ధైర్యము ఆ సీమ బిడ్డకు ఉండవలెను.

నూరేండ్ల క్రిందట మంజీరాపై గీత గీయుటకు ఒకడు సముద్రములు దాటి చదివి రావలసి వచ్చినది. నేడు బోధను బస్సెక్కిన విద్యార్థి హైదరాబాదులో దిగి ఆ చదువు చదువవచ్చును. దూరము తగ్గినది. గొళ్లెములు ఒక్కొక్కటిగా వదులైనవి. చదివినవాడు మరల ఆ బస్సెక్కి తన ఊరికి వచ్చిననాడు ఈ చరిత్రకు తరువాతి పుట మొదలగును.