ఖర్చు తగ్గింది, ధర విచారణ పెరగలేదు: అమెరికా ఆరోగ్య పొదుపు ఖాతాలపై ఒక పరిశీలన

2003 డిసెంబరులో జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం చేసిన మెడికేర్ చట్టం వృద్ధులకు మందుల బీమా ఇచ్చిన చట్టంగానే జనానికి గుర్తు. హెచ్‌ఎస్‌ఏ అనే ఆరోగ్య పొదుపు ఖాతాలు పుట్టింది కూడా అందులోనే. డిడక్టిబుల్ ఎక్కువగా ఉన్న బీమా ప్లాన్ తీసుకున్నవారికే ఈ ఖాతా. 2025లో ఆ డిడక్టిబుల్ ఒక వ్యక్తికి కనీసం 1,650 డాలర్లు, కుటుంబానికి 3,300 డాలర్లు. అంత సొమ్ము చేతినుంచి పడ్డాకే బీమా అక్కరకొస్తుంది. ఖాతాలో వేసినదానికీ, దానిపై రాబడికీ, వైద్యానికి తీసినదానికీ ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. సొంత డబ్బయితే జనం నాలుగు చోట్ల ధర విచారిస్తారనీ, అనవసర వైద్యం మానుకుంటారనీ సమర్థకుల వాదన. ఖర్చు తగ్గిన మాట నిజమే. కానీ అది తగ్గిన దారి వేరు. ఆ తేడాను పక్కనపెట్టి, మిగిలిన ప్రతి డాలరునూ వివేకం ఖాతాలో వేయడం సరికాదు.

ఆరోగ్యవంతులే ఇలాంటి ప్లాన్లు ఎంచుకుంటారు కాబట్టి ఖర్చు తక్కువగా కనిపిస్తుందన్న ఆక్షేపణ పాతదే, బలమైనదే. దానికి జవాబు బ్రాట్-గోల్డ్‌బర్గ్, చంద్ర, హాండెల్, కోల్‌స్టాడ్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో దొరుకుతుంది. ఒక పెద్ద కంపెనీ అప్పటివరకూ దాదాపు ఉచితంగా వైద్యం పొందిన తన ఉద్యోగులను 2013లో హెచ్‌ఎస్‌ఏతో కూడిన ప్లాన్‌లోకి మార్చింది, ఎంపికకు తావివ్వలేదు. డిడక్టిబుల్‌కు దాదాపు సరిపడా సొమ్మును తానే ఖాతాల్లో వేసింది. అయినా వైద్య వ్యయం 11.8 నుంచి 13.8 శాతం మేర పడిపోయింది. తక్కువ ధర ఉన్న డాక్టరునో, స్కానింగ్ సెంటరునో వెతుక్కున్న జాడ మాత్రం కనబడలేదు. ధరలు తెలియక అలా జరిగిందనడానికీ లేదు; ధరలు పోల్చిచూసే సాధనం వాళ్ల చేతిలోనే ఉంది, పైగా వాళ్లు బాగా సంపాదించేవారు. వాళ్లు చేసిందల్లా వైద్యం తగ్గించుకోవడమే. అందులో వృథా అనిపించే స్కానింగులూ ఉన్నాయి, ప్రయోజనకరమైన వైద్యమూ ఉంది. ఏడాది తిరిగేలోగా డిడక్టిబుల్ ఎలాగూ దాటిపోయే రోగులు కూడా ఆ గీత దాటేదాకా వెనక్కి తగ్గారు. మొత్తం ఏడాది లెక్క వేసుకునే వినియోగదారుడు సిద్ధాంతంలో ఉన్నాడు. కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి ఆ రోజు బిల్లే కనిపిస్తుంది.

నివారణ వైద్యానికి డిడక్టిబుల్ లేదు కదా అనవచ్చు. 2011లో బంటిన్ బృందం ఇలాంటి ప్లాన్లలోకి కొత్తగా వచ్చిన కుటుంబాల ఖర్చు సుమారు 14 శాతం తగ్గిందని తేల్చింది. డిడక్టిబుల్ వర్తించని పిల్లల టీకాలూ, క్యాన్సర్ పరీక్షలూ సైతం తగ్గాయి. ఏది ఉచితమో, ఏది కాదో తెలియనివాడు అసలు ఆస్పత్రి గడపే తొక్కడు. ఇక సమర్థకులకు మిగిలింది రాండ్ సంస్థ 1974–82 ఆరోగ్య బీమా ప్రయోగం. బిల్లులో వాటా కట్టినవారు తక్కువ వైద్యం వాడినా సగటున ఆరోగ్యం చెడలేదన్నది దాని ప్రసిద్ధ ఫలితం. అదే ప్రయోగంలో రక్తపోటు ఉన్న పేదలకు ఉచిత వైద్యమే మేలు చేసింది. సగటు చూసి సంతోషించేవారు ఈ వాక్యం దగ్గర ఆగరు.

పన్ను రాయితీ సైతం పై శ్లాబులో ఉన్నవారికే ఎక్కువ కలిసొస్తుంది. ఏటా ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో ప్లాన్ ఎంచుకునే తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు ఇది మంచి మదుపే కావచ్చు. గంటల కూలీకి డిడక్టిబుల్ అంతే, ఖాతా మాత్రం ఖాళీ. 2019 జులైలో అమెరికా పన్నుల శాఖ ఇన్సులిన్, స్టాటిన్లు, ఉబ్బసం ఇన్‌హేలర్ల వంటివాటిని డిడక్టిబుల్‌కు ముందే బీమా భరించవచ్చని ప్రకటించింది. అవసరమైన వైద్యానికి డిడక్టిబుల్ అడ్డుపడుతోందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. అయితే అది అనుమతి మాత్రమే, ఆదేశం కాదు. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నవారు ప్రీమియం ఎంత తగ్గుతుందో చూసేముందు, తమ మందులను ప్లాన్ డిడక్టిబుల్‌కు ముందే భరిస్తుందో లేదో బీమా కంపెనీని అడగాలి.