పార్కు వైపా, వంటింటి వైపా?

న్యూజెర్సీలో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు ఓ సాయంత్రం రాడ్‌బర్న్ చూద్దామన్నాను. "ఏముంది వదినగారూ, చెట్లూ ఇళ్ళూనూ!" అన్నాడు మరిది.

నిజమే. కాకపోతే ఆ ఇళ్ళు తిరగేసి కట్టినవి. కార్ల కింద పిల్లలు పడిపోతున్న రోజుల్లో క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ కలిసి ప్లాను వేశారు. 1929లో తొలి కుటుంబాలు దిగాయి. ముందుగది పార్కు వైపు, వంటిల్లు సందు వైపు. కారు వస్తే వంటింటి సందులోకే రావాలి. పార్కులన్నీ ఒకదాంతో ఒకటి కలిసి ఉంటాయి; రోడ్డు అడ్డొచ్చినచోట దాని కిందనుంచి కాలిబాట. పిల్లవాడు రోడ్డు దాటకుండానే బడికి వెళ్ళిరావచ్చు. కన్నతల్లికి అంతకన్నా ఏం కావాలి చెప్పండి!

25,000 మందికని తలపెట్టారు. ఆ అక్టోబరులోనే వాల్‌స్ట్రీట్ కూలింది. వాయిదాలు కట్టలేక ఇళ్ళు వదులుకున్నవాళ్ళున్నారు. కట్టించిన కంపెనీయే దివాలా తీసింది. అనుకున్న ఊళ్ళో ఓ చిన్న ముక్క మాత్రం మిగిలింది.

నాకు నవ్వొచ్చింది మరోచోట. అంత ముచ్చటపడి పార్కులిస్తే, పిల్లలు సైకిళ్ళేసుకుని వంటింటి సందుల్లోనే చేరారట! చక్రాలకి గట్టినేల కావాలి మరి. పైగా అమ్మ కనిపించేదీ, నాన్న కారు దిగేదీ అక్కడేనాయె. ఇరుగుపొరుగు పలకరింపులూ ఆ వైపే. మగవాళ్ళు గీసిన ప్లానులో వంటిల్లు పెరటిదనుకున్నారు, పాపం.

మేం వెళ్ళినప్పుడూ పార్కు పచ్చగా, ఖాళీగా ఉంది. సందులో మాత్రం ఓ మూడుచక్రాల బండి అడ్డంగా పడి ఉంది.

ఇంటికి రాగానే మరిది ముందుగదిలో సోఫా చూపించాడు. మా చెల్లెలు, "కాఫీ కలుపుతాను, ఇటు రా అక్కా" అంటూ వంటింట్లోకి లాక్కుపోయింది.