పన్ను కట్టలేక ఊరే ఖాళీ చేశారు – చీరాల దుగ్గిరాల గారి కథ



మొన్న మా ఊరి రచ్చబండ దగ్గర ఒకటే గొడవ. మా పంచాయతీని పక్కనున్న మునిసిపాలిటీలో కలుపుతారని మాట వచ్చింది. సగంమంది, కలిస్తే సెంటు రేటు పెరుగుద్ది అంటారు. సగంమంది, ఇంటి పన్ను పెరుగుద్ది, ఉపాధి పని పోద్ది అంటారు. రెండూ కొట్టిపారేసే మాటలు కావు. అరుపులన్నీ అయ్యాక ఒక కుర్రాడు నన్నడిగాడు: "మనం వద్దంటే ఆగుద్దా బాబాయ్? ఎక్కడన్నా ఆగిందా?"

అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి పడుకుంటే చీరాల–పేరాల సంగతి గుర్తొచ్చింది. చిన్నప్పుడు పాఠంలో రెండు ముక్కలు చదువుకుని వదిలేశాం. అది మన గొడవే. నిదానంగా చదవండి.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు 1889లో పెనుగంచిప్రోలులో పుట్టారు. ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోతే బంధువులు పెంచారు. కొన్నాళ్లు గుమాస్తాగా చేశారు. అందులో మనసు నిలవక సముద్రం దాటి ఎడింబరో వెళ్లి ఎం.ఏ. చదివారు. ఆ రోజుల్లో అంత చదువుంటే పెద్ద ఉద్యోగం చేసుకుని హాయిగా బతకొచ్చు.

సీమలో ఉండగా ఆయన చేసిన పని ఒకటి చెప్పాలి. నాట్యంలో చేతులు, చూపులు ఎలా పట్టాలో చెప్పే 'అభినయ దర్పణం' అనే పాత సంస్కృత గ్రంథం ఉంది. నందికేశ్వరుడు రాసింది. దాన్ని ఆనంద కుమారస్వామి గారితో కలిసి ఇంగ్లీషులోకి మార్చారు. 1917లో అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం వాళ్లు అచ్చేశారు. మన పాత విద్యలు మరుగున పడిపోకూడదన్న తపన ఆయనకి అప్పటినుంచే ఉంది.

తిరిగొచ్చి రాజమండ్రిలోనూ, బందరు జాతీయ కళాశాలలోనూ పాఠాలు చెప్పారు. ఎక్కడా ఎక్కువ కాలం లేరు. ముక్కుసూటి మనిషి, పైవాళ్లకి తలవంచే రకం కాదు. చివరికి చీరాల వచ్చి పడ్డారు. అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అని పెట్టి, చదువుకున్నవాళ్లు చిన్నచూపు చూసే తోలుబొమ్మలాటలు, వీధి భాగవతాలు, జంగం కథల్ని దగ్గరకి తీశారు. చదువు రానివాడికి దేశం సంగతి చెప్పాలంటే వాడికి తెలిసిన ఆటపాటల్లోనే చెప్పాలని ఆయన నమ్మకం. రామదండు అని వాలంటీర్ల దళం కూడా కట్టారు. కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సభలు జరిగినప్పుడు జనాన్ని అదుపు చేసింది వీళ్లే.

ఇక అసలు గొడవ. చీరాల, పేరాల, పక్కనున్న జాండ్రపేట, వీరరాఘవపేట కలిపి 1919లో సర్కారు మునిసిపాలిటీ చేసింది. జనాభా పదిహేను వేల దాకా. మగ్గం నేసుకునేవాళ్లు, కూలీలు, చిన్న వ్యాపారులే ఎక్కువ. అంతకుముందు ఏడాదికి నాలుగు వేల రూపాయల పన్ను వసూలయ్యే చోట నలభై వేలయింది. ఒక్కసారే పదింతలు! మీ ఇంటి పన్ను రసీదు తీసి పక్కన సున్నా పెట్టి చూసుకోండి, ఎలా ఉంటదో తెలుస్తది.

జనం అర్జీలు పెట్టారు. వినలేదు. పన్ను కట్టమన్నారు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. సర్కారు జీతం ఇచ్చి ఒక ఛైర్మన్‌ని కూర్చోబెట్టింది. కట్టనివాళ్లని జైలుకి పంపింది, వాళ్లలో ఒక ఆడమనిషి కూడా ఉంది. అప్పుడు మద్రాసు ప్రభుత్వంలో ఈ శాఖ చూసే మంత్రి ఎవరో తెలుసా? మన తెలుగాయనే, పానగల్ రాజా గారు. పైన కూర్చున్నది మనవాడైతే చాలు, మన మాట వింటాడనుకోవడం అప్పుడూ భ్రమే.

1921 ఏప్రిల్ 6న గాంధీ గారు చీరాల వచ్చారు. జనం ముందు రెండు దారులు పెట్టారు. పన్ను కట్టకుండా ఏ శిక్ష పడినా శాంతంగా భరించడం ఒకటి. మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం రెండోది. ఏది చేసినా మీ బలం మీద చేయండి, కాంగ్రెస్ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దని కూడా తేల్చి చెప్పారు.

దుగ్గిరాల వారు రెండోది పట్టుకున్నారు. నమ్మండి నమ్మకపోండి, ఊళ్లో ఎక్కువమంది ఇళ్లకి తాళాలేసి, పిల్లాజెల్లా, గొడ్డూగోదా తీసుకుని పొలిమేర దాటి పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టారు. ఎండాకాలంలో మొదలుపెట్టి వానలు, చలి అన్నీ ఆ పాకల్లోనే. దాదాపు పదకొండు నెలలు! కులానికి ఒకరు చొప్పున ప్రతినిధుల్ని ఎన్నుకుని సభ పెట్టుకున్నారు. తగాదాలొస్తే అక్కడే పంచాయితీ తీర్పు. గుమాస్తా పనీ, కాలేజీ పాఠాలూ నిలవని మనిషికి అదే బడి అయింది. జనం గుండె జారిపోకుండా నిలబెట్టింది ఆయన మాట, పాట, భజనలే.

మరి ఏమైంది? ఆ ఏడాదే బరంపురంలో మాట్లాడొద్దని ఆంక్ష పెడితే ధిక్కరించి మాట్లాడినందుకు ఆయన్ని పట్టుకుని, ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైల్లో పెట్టారు. ఆయన లేకపోయేసరికి రామనగర్ నీరసించింది. చేతిలో డబ్బు లేదు, పని సాగలేదు. 1922లో ఒక్కొక్కరూ పాత ఇళ్లకి వచ్చేశారు. మునిసిపాలిటీ ఉండిపోయింది. దుగ్గిరాల వారు జైలు నుంచి వచ్చాక ఇంకొన్నేళ్లే బతికారు. 1928 జూన్‌లో క్షయతో పోయారు. 39 ఏళ్లు. ఆంధ్రరత్న అన్న బిరుదు తప్ప మిగుల్చుకున్నదేమీ లేదు.

కుర్రాడికి జవాబు ఇదే: ఆగలేదురా అబ్బాయ్.

కానీ కథ అంతటితో అయిపోలేదు. ఓడిపోయిందెక్కడో చూడండి. జనంలో ధైర్యం లేక కాదు. పదకొండు నెలలు పాకల్లో ఉన్నవాళ్లకి ధైర్యం లేదని ఎవరనగలరు? బరువంతా ఒక్క మనిషి మీద పెట్టారు. ఆ ఒక్కణ్ణి తీసుకుపోతే అంతా కూలింది. సభ ఉంది, ప్రతినిధులున్నారు, కానీ నడిపే చెయ్యి ఒకటే. ఎంత గొప్ప మాస్టారైనా, ఆయన రాని రోజు బడి నడవకపోతే లాభమేంది?

మనం కూడా అదే చేస్తున్నాం. రచ్చబండ దగ్గర అరిచినవాళ్లలో కాగితం చదివినవాడు ఒక్కడూ లేడు, నాతో సహా. అందరం "ఆయన చూసుకుంటాడులే" అని సర్పంచి గారి మొహం చూశాం. ఆయనకి రేపు పదవి పోతే, లేదా పార్టీ మారితే మన సంగతేంది?

మునిసిపాలిటీ చెడ్డదని నేననట్లేదు. డ్రైనేజీ, మంచినీళ్లు, వీధిలైట్లు వస్తే ఎవరికి చేదు? పన్ను ఎంత పెరుగుద్ది, ఎన్నేళ్లలో పెరుగుద్ది, ఉపాధి పని చేసుకునే కుటుంబాలు ఎన్ని, వాళ్లకి బదులు ఏముంది – ఇవి కాగితం మీద అడుగుదాం. గ్రామసభ పెట్టమందాం. కలవడమో వద్దో తీర్మానం రాయించి, దాని నకలు వీధికి ఇద్దరి దగ్గరన్నా ఉండేలా చూసుకుందాం. ఆ ఇద్దరిలో ఒకరు ఆడవాళ్లైతే ఇంకా మంచిది, పనుల కార్డు లెక్కలు వాళ్లకే బాగా తెలుసు.

మీ ఊరు ఇప్పటికే పట్నంలో కలిసిందా? అయితే ముందు ఇంటి పన్ను ఎంత, ఇప్పుడెంత, రసీదు చూసి రాయండి. విన్నమాట వద్దు, రసీదులో ఉన్న అంకె కావాలి. వచ్చిన లెక్కలన్నీ వచ్చే ఆదివారం రచ్చబండ దగ్గర చదువుతాను. ఈసారి ఆ కుర్రాడి చేతే చదివిస్తాను.