అనుమానానికి కొలత: గణితంలో తత్త్వశాస్త్రం పాత్ర

గణితంలో సందేహానికి తావు లేదనీ, తత్త్వశాస్త్రంలో సందేహానికి అంతు లేదనీ ఒక అభిప్రాయం ఉంది. ఈ రెండింటికీ పొత్తు కుదరదని చాలామంది విద్యార్థులు అనుకోవడానికి కారణం అదే. కానీ సందేహాన్నే కొలిచే గణితం ఒకటి ఉంది. అది సాంఖ్యక శాస్త్రం. దాని ఎదుగుదలలో తత్త్వశాస్త్రం పాత్ర ఏమిటో, ఒక తెలుగువాడి వాటా ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా సమస్యను చూద్దాం. జంషెడ్‌పూర్‌లో మా సోనారికి కొద్ది దూరంలోనే ఉక్కు కర్మాగారం ఉంది. ఉక్కు కడ్డీ ఎంత లాగుడుకు తట్టుకుంటుందో తెలియాలంటే దాన్ని తెగేదాకా లాగి చూడాలి. అలా పరీక్షించిన కడ్డీ ఇక పనికిరాదు. అన్నిటినీ పరీక్షిస్తే అమ్మడానికి ఏమీ మిగలదు. కాబట్టి కొన్నిటిని చూసి మొత్తం సరుకు మీద తీర్పు చెప్పాలి. ఆ తీర్పును నమ్మి వంతెనలు కడతారు. చూసిన కొన్నిటిని బట్టి చూడనివాటి గురించి చెప్పే అధికారం మనకు ఎక్కడిది?

ఇది చాలా పాత ప్రశ్న. కొండ మీద పొగను చూసి నిప్పు ఉందని గ్రహించడాన్ని నైయాయికులు అనుమానం అన్నారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఈ విద్యకు నేటికీ తొలి వాచకం. వంటింట్లో పొగా నిప్పూ కలిసి ఉండటం చూశాం, నిజమే. అన్ని కాలాల్లో, అన్ని చోట్లా అవి కలిసే ఉంటాయని ఎవరు చూశారు? చార్వాకుల ఆక్షేపణ ఇది. ఐరోపాలో డేవిడ్ హ్యూమ్ 1739లో ఇదే చిక్కును మరో రూపంలో ముందుకు తెచ్చాడు.

మన భాషలో ఒక విశేషం గమనించండి. తర్కంలో అనుమానం అంటే హేతువును బట్టి నిర్ణయించడం. వాడుక తెలుగులో అనుమానం అంటే సందేహం. సాంఖ్యక శాస్త్రం ఈ రెండర్థాలనూ కలుపుతుంది. నిర్ణయం చెబుతుంది, అందులో సందేహం పాలెంతో కూడా చెబుతుంది.

ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించాడు. 1933లో ఆరంభించిన పత్రికకు ‘సాంఖ్య’ అని పేరు పెట్టాడు. ప్రతి మాటనూ ‘ఒక దృష్టిలో’ అన్న హద్దుతో చెప్పాలనే జైనుల స్యాద్వాదానికీ, సాంఖ్యక ఆలోచనకూ చుట్టరికం ఉందని 1954లో ఒక వ్యాసంలో వివరించాడు. 1957లో జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడా ‘సాంఖ్య’లో స్యాద్వాదం మీద రాశాడు. అయితే స్యాద్వాదం హద్దు ఉందని చెప్పిందే గాని, దానికి అంకె ఇవ్వలేదు.

ఆ అంకె ఇచ్చినవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆయన 1920లో నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తా సంస్థలో చేరాడు. 1945లో వెలువడిన పత్రంలో ఆయన నిరూపించినది ఇది: చేతిలో ఉన్న సమాచారం ఇంత అని తెలిస్తే, ఒకవైపు మొగ్గని ఏ అంచనా అయినా ఒక హద్దును మించి కచ్చితంగా ఉండదు. ఎంత తెలివైన పద్ధతి వాడినా అంతే. స్వీడన్‌కు చెందిన హరాల్డ్ క్రామర్ కూడా విడిగా దీన్ని కనుగొన్నందున ఇది క్రామర్-రావు హద్దుగా పేరు పొందింది.

మన కడ్డీలకే దీన్ని అన్వయిద్దాం. 25 కడ్డీల సగటును బట్టి వేసిన అంచనాలో దోషాన్ని సగానికి తగ్గించాలంటే 50 చాలవు, 100 కావాలి. దోషం కడ్డీల సంఖ్యకు కాక, దాని వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. కొత్త మందును కొందరు రోగుల మీద పరీక్షించే వైద్యుడికీ, కొన్ని మళ్లు కోసి జిల్లా దిగుబడిని లెక్కించే అధికారికీ ఇదే లెక్క వర్తిస్తుంది.

మరి చార్వాకులు ఓడిపోయారా? లేదు. రేపటి కొలిమి నేటి కొలిమిలాగే పనిచేస్తుందనీ, ఏరిన కడ్డీలు మొత్తానికి ప్రతినిధులేననీ ముందుగా ఒప్పుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది. ఆ ఒప్పుకోలు సరైనదా అని సూత్రం అడగదు, మనిషి అడగాలి. అడగని చోట లెక్క తప్పకపోయినా వంతెన కూలవచ్చు.

రావు 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి పొంది, అదే ఏడాది ఆగస్టు 22న 102 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన తన గ్రంథానికి ‘సాంఖ్యకమూ సత్యమూ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు. విద్యార్థులు సూత్రాన్ని నేర్చుకున్నప్పుడే, అది ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో, ఏ ప్రశ్నకు జవాబు చెప్పలేదో కూడా నేర్చుకోవాలి.